వెలుగుతోంది కదా అంటే సరిపోదు: ఇంటి వైరింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

పాత ఇల్లు కొనబోయే ముందు వైరింగ్‌ను ఎలా పరీక్షించుకోవాలి, సొంతంగా చేసుకున్న కరెంటు పనిలో లోపాలను ఎలా గుర్తించాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాను. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: మేము కొనాలనుకుంటున్న ఇల్లు కట్టి ఇరవై ఏళ్లు దాటింది. యజమానికి చేతిపని బాగా వచ్చు. స్విచ్ బోర్డులు, సాకెట్లు, గీజర్ లైను అన్నీ ఎలక్ట్రీషియన్‌ను పిలవకుండా తానే మార్చుకున్నానని సంతోషంగా చెప్పారు. లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. కరెంటు పని తెలియని మేము, ఇల్లు చూడడానికి వెళ్లిన అరగంటలో, దేన్నీ విప్పకుండా ఏమేమి గమనించవచ్చు?

జవాబు: లైట్లన్నీ వెలుగుతున్నాయని మీరు రాసిన మాటలోనే అసలు చిక్కు ఉంది. నీళ్ల పైపును తప్పుగా బిగిస్తే కారి బయటపడుతుంది, తలుపును తప్పుగా బిగిస్తే నేలకు రాసుకుంటుంది. కరెంటు పని అలా కాదు. ఫేజ్‌కు (కరెంటును తెచ్చే తీగకు) బదులు న్యూట్రల్ (దాన్ని తిరిగి తీసుకెళ్లే) తీగను స్విచ్‌కు ఇచ్చినా బల్బు వెలుగుతుంది, లీకైన కరెంటును భూమికి చేర్చే ఎర్త్ తీగ అసలు లేకపోయినా వెలుగుతుంది, వేయవలసిన దానికన్నా సన్నటి తీగ వేసినా వెలుగుతుంది. అందువల్ల పనిచేస్తున్నవాటిని లెక్కపెట్టడం మాని, మామూలు రోజుల్లో అవసరం పడకుండా ఏదైనా తేడా జరిగిన రోజున మాత్రమే అక్కరకు వచ్చే ఎర్త్, ఎం.సి.బి. (కరెంటు హద్దు మించితే లైనును ఆపే స్విచ్), ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) వంటివి ఎలా ఉన్నాయో చూడాలి.

ముందుగా మెయిన్ పెట్టె, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గరకు వెళ్లండి. దాని లోపలి మూతను మీరు విప్పకూడదు, ఎందుకంటే మెయిన్ ఆపినా అక్కడికి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. తలుపు తీసి చూసినా తెలిసేది చాలానే ఉంటుంది. ఏ ఎం.సి.బి. ఏ గదికో రాసి ఉందా, వాటి మీద ముద్రించిన ఆంపియర్లు ఒక క్రమంలో ఉన్నాయా, లేక వరసగా ఉన్న 10, 16 ఆంపియర్ల మధ్య వేరే కంపెనీది, వేరే రంగుది, 32 ఆంపియర్లది ఒకటి కొత్తగా మెరుస్తోందా అన్నది గమనించండి. ఖాళీ స్థానాలను మూయకుండా లోపలి తీగలు కనిపించేలా వదిలేయడం, పెట్టె పక్కన గోడ పగలగొట్టి బయటి నుంచి ఒక తీగను లోపలికి దూర్చడం, ఇవన్నీ తొందర పని గుర్తులు. టెస్ట్ బటన్ ఉన్న ఆర్.సి.సి.బి. ఒకటైనా ఉండాలి. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటే మనుషులను షాక్ నుంచి కాపాడడానికి పెట్టినదని అర్థం. యజమాని అనుమతితో ఆ బటన్ నొక్కించండి, వెంటనే ఆర్.సి.సి.బి. పడిపోవాలి, అంటే సరఫరా ఆగిపోవాలి. అయితే అది పడిపోయినంత మాత్రాన ఇంట్లో ఎర్త్ బాగుందని అనుకోవద్దు. ఆ బటన్ తన లోపలే ఒక చిన్న లీకేజీని సృష్టించి పరికరాన్ని పరీక్షిస్తుంది తప్ప, బయటి ఎర్త్ తీగతో దానికి పని లేదు.

తరువాత గదుల్లోని బోర్డులు. పలక వంకరగా ఉండడం, స్క్రూ లేకపోవడం, ఒకే బోర్డు మీద రెండు మూడు రకాల స్విచ్‌లు ఉండడం అందానికి సంబంధించిన విషయాల్లా కనిపిస్తాయి గానీ, పైకి కనిపించే చోటే అంత నిర్లక్ష్యం ఉంటే కనిపించని చోట ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మరక, ముఖ్యంగా మూడింటిలో ఒక్క రంధ్రం దగ్గరే ఉంటే, లోపలి స్ప్రింగు వదులై అక్కడ నిప్పురవ్వలు పుడుతున్నాయని అర్థం. నన్నడిగితే, మసిపట్టిన పాత బోర్డు కన్నా గోడ పాతబడినా తాను మాత్రం తళతళలాడే కొత్త బోర్డు దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. పాత బోర్డు తన జబ్బును మొహం మీదే చూపిస్తుంది.

ఇటీవల ఒక ఇంటి తనిఖీలో అలాంటి కొత్త సాకెట్‌ను, మెయిన్ ఆపించి, యజమాని ఎదుటే విప్పాను. ఏడు పోగుల రాగి తీగ టెర్మినల్ రంధ్రంలో పట్టక, మూడు పోగులను కత్తిరించి మిగతా నాలుగింటినే దూర్చి బిగించారు. పొడవు చాలని న్యూట్రల్‌కు టేబుల్ ల్యాంపు వైరు ముక్కను చేత్తో మెలితిప్పి అతికించారు. దాని మీద చుట్టిన ఇన్సులేషన్ టేపు జిగురు వేడికి కరిగి జారిపోయి, సగం జాయింటు బయటికి కనిపిస్తోంది. ఆ సాకెట్‌లో ఇస్త్రీపెట్టె రోజూ పనిచేస్తూనే ఉంది. అలాంటి వదులు జాయింటులో అర ఓమ్ నిరోధం ఉందనుకుందాం. అందులోంచి 10 ఆంపియర్లు ప్రవహిస్తే, ఆంపియర్ల వర్గాన్ని ఓమ్‌లతో గుణించే లెక్క ప్రకారం, అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. చిన్న ఎలక్ట్రానిక్ పనులకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంటే రెండు సోల్డరింగ్ ఐరన్‌లను గోడలో పెట్టి మూత వేసినట్టు. ఎం.సి.బి. దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే దాని లెక్కలో 10 ఆంపియర్లు తప్పు కాదు.

ఇక మెత్తని వైర్ల సంగతి. టేబుల్ ఫ్యానుకు, ల్యాంపుకు ఉండే మెత్తని జంట వైరును తలుపు చట్రం వెంట మేకులు కొట్టి తీసుకుపోవడం, దాన్నే పైపు లేకుండా గోడలో పెట్టి సిమెంటు పూయడం, ఎక్స్‌టెన్షన్ బాక్సును గోడకు శాశ్వతంగా బిగించి దాని నుంచి మరొక బాక్సుకు లైను ఇవ్వడం సొంత పనివాళ్లకు అలవాటు. ఫాల్స్ సీలింగ్ ఉంటే, ఒక లైటును కిందికి లాగి చూపించమనండి. జంక్షన్ బాక్సు లేని జాయింట్లు చాలా ఇళ్లలో ఆ పైనే దాక్కుంటాయి.

వెళ్లే ముందు గీజర్‌నో, ఇస్త్రీపెట్టెనో, హీటర్‌నో పదిహేను ఇరవై నిమిషాలు వేసి ఉంచమనండి. ఆ సమయంలో మిగతా లైట్లు మసకబారుతున్నాయా, బోర్డులోంచి చిటపట శబ్దం వస్తోందా, కాలిన ప్లాస్టిక్ వాసనో చేపల వాసనలాంటిదో తగులుతోందా చూడండి. తరువాత పలక మీద చేతి వెనుక భాగాన్ని ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చేయి తీసేయాలనిపిస్తే ఫరవాలేదనుకోవద్దు. చివరగా యజమానిని, తప్పుపట్టే ధోరణిలో కాకుండా, ఏది ఎప్పుడు మార్చారు, గీజర్‌కు ఎంత మందం తీగ వేశారు, ఎర్త్ ఎక్కడి నుంచి తెచ్చారు అని అడగండి. తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి పని చాలావరకు బాగానే ఉంటుంది. స్వయంగా చేసుకోవడమే తప్పని నేను అనను. లైసెన్సు ఉన్నవారు చేసిన అధ్వానపు పనులను కూడా చూశాను.

ప్రశ్న: కొత్తగా దిగిన ఇంట్లో స్విచ్ ఆపినా ఒక గదిలోని ఎల్.ఈ.డి. బల్బు రాత్రంతా మినుకుమినుకుమంటూ సన్నగా వెలుగుతోంది. బల్బు మార్చినా అంతే. ఇది ప్రమాదమా?

జవాబు: మూడు కారణాలు ఉండవచ్చు, వాటిలో ఒకటి మాత్రమే ప్రమాదకరం. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ దీపం ఉంటే, దాని గుండా పారే అతి స్వల్ప కరెంటు చాలు, ఎల్.ఈ.డి. మినుకుమనడానికి. అది లేకపోయినా, స్విచ్ తీగ మరొక ఫేజ్ తీగతో పాటు ఒకే పైపులో చాలా దూరం ప్రయాణిస్తే, పక్క తీగ ప్రభావంతో కొంత వోల్టేజీ దానికి చేరుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బులు ఇంత తక్కువ కరెంటును లెక్కచేసేవి కావు గనుక ఈ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియలేదు.

మూడో కారణం, స్విచ్‌ను ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టడం. అప్పుడు స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది గానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే నిలిచి ఉంటుంది. స్విచ్ ఆపాను కదా అన్న నమ్మకంతో స్టూలెక్కి బల్బు మార్చేవారి వేలు హోల్డర్‌లోని లోహానికి తగిలితే షాక్ కొడుతుంది, ఆ షాక్ కన్నా స్టూలు మీద నుంచి పడడం వల్ల తగిలే దెబ్బ ఒక్కోసారి పెద్దదవుతుంది. మర బల్బు హోల్డర్లలో దీనికి తోడు ఇంకొక తప్పు జరుగుతుంటుంది. ఫేజ్ అడుగున ఉన్న మధ్య పిన్నుకు వెళ్లాలి, బయటి మర భాగానికి కాదు. తారుమారైతే, బల్బు బిగించేటప్పుడు వేలికి దగ్గరగా ఉండేది ఫేజే.

దీన్ని తేల్చడానికి మెయిన్ ఆపి స్విచ్ పలక వెనుక ఏ రంగు తీగ ఉందో చూడడం మొదటి మెట్టు. పాత పద్ధతిలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. ఇప్పటి అంతర్జాతీయ పద్ధతిలో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్. కొన్ని దేశాల్లో నలుపు తీగే ఫేజ్. కాబట్టి రంగు కన్నా ఇల్లంతా ఒకే పద్ధతి పాటించారా అన్నదే ముఖ్యం. ఆకుపచ్చ గానీ, ఆకుపచ్చ పసుపు చారల తీగ గానీ ఎక్కడైనా ఎర్త్‌దే. మిగిలిన ముక్క వృథా పోతుందని ఆకుపచ్చ తీగను స్విచ్‌కు వాడిన ఇల్లు కనబడితే, ఆ ఇంట్లో ఏ తీగ రంగునూ నమ్మకండి.

ప్రశ్న: సాకెట్‌లో గుచ్చి చూసే మూడు దీపాల టెస్టర్ కొన్నాను. ఇంట్లోని సాకెట్లన్నీ సరిగానే ఉన్నట్టు అది చూపించింది. కానీ వచ్చిన ఎలక్ట్రీషియన్ రెండు గదుల్లో అసలు ఎర్త్ తీగే లేదంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఎలక్ట్రీషియన్‌ను. మీ టెస్టర్ అబద్ధం చెప్పలేదు, దానికి కనిపించేది అంతవరకే. ఒకప్పుడు రెండు రంధ్రాల సాకెట్లు ఉన్న గదుల్లో మూడు రంధ్రాలవి బిగించుకున్నవారు, ఎర్త్ తీగ లాగడం కష్టమని, సాకెట్ వెనుక న్యూట్రల్ టెర్మినల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కు అంగుళం పొడవు తీగ ముక్కను లూపుగా వేసేస్తారు. సరఫరా వచ్చే చోట ఎక్కడో న్యూట్రల్‌ను భూమికి కలిపే ఉంటారు గనుక, టెస్టర్ దృష్టిలో ఈ దొంగ ఎర్త్‌కూ నిజమైన ఎర్త్‌కూ తేడా లేదు.

తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, ఆ సాకెట్‌కు వచ్చే న్యూట్రల్ ఎక్కడైనా ఊడినప్పుడు. వాషింగ్ మెషిన్ ఆగిపోతుంది. కానీ ఫేజ్ మెషిన్ లోపలి మోటారు గుండా న్యూట్రల్ పిన్నుకు, అక్కడి నుంచి ఆ అంగుళం లూపు గుండా ఎర్త్ పిన్నుకు, అక్కడి నుంచి మెషిన్ లోహపు ఒంటికి చేరుతుంది. మెషిన్ ఎందుకు ఆగిందో చూద్దామని దాని మీద చేయి వేసినవారికి పూర్తి వోల్టేజీ తగులుతుంది. ఇంకొక కీడు కూడా ఉంది. మెషిన్‌లో ఇన్సులేషన్ చెడి లీకేజీ మొదలైతే, ఆ కరెంటు ఎర్త్‌కు బదులు న్యూట్రల్ గుండానే తిరిగి వెళ్తుంది. వెళ్లినదీ వచ్చినదీ సమానంగా ఉండడంతో ఆర్.సి.సి.బి. దాన్ని లీకేజీగా గుర్తించదు. ఎర్త్ లేదని తెలిసిన సాకెట్ దగ్గర మనిషి జాగ్రత్త పడతాడు. ఈ లూపు ఆ జాగ్రత్తను కూడా తీసేస్తుంది, అందుకే సొంత పనుల్లో నేను అన్నిటికన్నా పెద్ద తప్పుగా లెక్కపెట్టేది దీన్నే.

విప్పకుండా అనుమానించడానికి ఒక మార్గం ఉంది. ఆ సాకెట్ లైనులో హీటర్ వంటి పెద్ద లోడు నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిస్తే, నిజమైన ఎర్త్ ఉన్నచోట ఒకటో రెండో వోల్టులు కనిపిస్తాయి, ఎందుకంటే లోడు మోసే న్యూట్రల్ తీగలో కొంత వోల్టేజీ తగ్గుతుంది. అంత లోడులోనూ మీటరు సున్నా దగ్గరే కదలకుండా నిలిచిందంటే, ఆ రెండూ అక్కడే ఎక్కడో కలిసి ఉన్నాయన్నమాట. ఎర్త్ తీగను నీళ్ల కుళాయి పైపుకు చుట్టినవారు కూడా ఉంటారు. మధ్యలో ప్లాస్టిక్ పైపు వేసి ఉంటే అది భూమిని చేరదు, లీకేజీ వచ్చిన రోజున స్నానాల గదిలోని కుళాయిని చేరుతుంది.

ప్రశ్న: గీజర్, హీటర్ కలిపి వేస్తే 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోతూ ఉండేది. నేనే 32 ఆంపియర్లది కొని మార్చాను. ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. ఇల్లు అమ్మబోతున్నాను. తనిఖీకి వచ్చినవారు దీన్ని తప్పుపడతారా?

జవాబు: తప్పకుండా. వారు పట్టకపోయినా మీరే చెప్పి సరిచేయించాలి. ఎం.సి.బి. ఉన్నది గీజర్‌ను కాపాడడానికి కాదు, గోడలోని తీగను కాపాడడానికి. 230 వోల్టుల సరఫరాలో 3,000 వాట్ల గీజర్ ఒక్కటే 13 ఆంపియర్లు తీసుకుంటుంది, 2,000 వాట్ల హీటర్ మరో 9 ఆంపియర్లకు కొద్దిగా తక్కువ. రెండూ కలిసి దాదాపు 22. గోడలోని పైపులో ఉన్న 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, వేసిన తీరును బట్టి కొంచెం అటూ ఇటూగా, 15 ఆంపియర్ల వరకే భరిస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు కూడా 22 అంటే అంచు మీద నడకే. అంటే పాత ఎం.సి.బి. పడిపోయిన ప్రతిసారీ తన పని తాను చేసింది.

కొత్తది ఏం చేస్తుందో చూడండి. ప్రమాణాల ప్రకారం, ఎం.సి.బి. తన మీద రాసిన అంకెకు 1.13 రెట్ల కరెంటు వరకు గంటసేపు పడిపోకుండా నిలబడాలి. 32 ఆంపియర్లదైతే అది సుమారు 36 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, 15 ఆంపియర్ల తీగలో 30 పారితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. మామూలు పీ.వీ.సీ. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేయడానికి చేసినది. అంతకు మించి వేడెక్కినకొద్దీ పెళుసుబారుతుంది. ఏడాదిగా ఇబ్బంది లేదంటున్నారు, ఆ ఏడాదిలో తీగ తొడుగు ఎంత వయసు మీరిందో గోడ పగలగొడితే గానీ తెలియదు. ఆ లైనును, తొడుగు గుండా కరెంటు లీకవుతోందేమో కొలిచే మెగ్గర్‌తో పరీక్షింపజేసి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో విడి లైను లాగించి, పాత లైనుకు మళ్లీ 16 ఆంపియర్లదే పెట్టించండి.

అన్నట్టు, లోడు ఎక్కువ లేకుండానే ఎం.సి.బి. పడిపోతుంటే దాని టెర్మినల్ స్క్రూ వదులైందేమో చూడమనండి. అక్కడ పుట్టే వేడి లోపలి లోహపు పట్టీని వంచి, కరెంటు హద్దులోపలే ఉన్నా ఎం.సి.బి.ని పడేస్తుంది.

ప్రశ్న: మెట్ల దగ్గరి లైటు వేసినప్పుడల్లా ఆర్.సి.సి.బి. పడిపోతోంది. బల్బు, స్విచ్, హోల్డర్ మార్చినా ఫలితం లేదు. ఆర్.సి.సి.బి. తీసేస్తే సరిపోతుందని తెలిసినవారు సలహా ఇచ్చారు. తీసేయవచ్చా?

జవాబు: వద్దు. మెట్ల లైటు అనగానే నాకు అప్పు తెచ్చుకున్న న్యూట్రల్ గుర్తుకు వస్తుంది. రెండు చోట్ల నుంచి వేసి ఆపే ఆ లైటుకు, తీగ మిగుల్చుకోవడానికి, కింది అంతస్తు లైను నుంచి ఫేజ్‌నూ పై అంతస్తు లైను నుంచి న్యూట్రల్‌నూ ఇచ్చేస్తారు. కింది లైను ఆర్.సి.సి.బి. గుండా వెళ్లిన కరెంటు అదే దారిలో తిరిగి రాకపోవడంతో, లీకేజీ జరిగిందని అది పడిపోతుంది. పరికరం సరిగానే ఉంది, దారే తప్పు. దీనివల్ల ఇంకొక ముప్పు కూడా ఉంది. పై అంతస్తు ఎం.సి.బి. ఆపి పనిచేసే ఎలక్ట్రీషియన్ ఆ న్యూట్రల్ జాయింటును విప్పితే, కింది నుంచి లైటు గుండా వచ్చే కరెంటు అతని చేతిలో ఉంటుంది. లైటుకు న్యూట్రల్‌ను కూడా కింది లైను నుంచే లాగిస్తే రెండూ తీరిపోతాయి.

ప్రశ్న: ఇలాంటి లోపాలన్నీ మేము కొనే ఇంట్లో కనిపించాయి. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్‌తో ఇంకా ఏమైనా పరీక్షించవచ్చా? దేన్ని ముందు బాగుచేయించాలి, యజమానిని ఏమి అడగాలి?

జవాబు: నియాన్ టెస్టర్‌ను పక్కన పెట్టండి. అది మీ శరీరం గుండా పారే అతి స్వల్ప కరెంటుతో వెలుగుతుంది. పక్క తీగ ప్రభావానికే వెలగవచ్చు, ఎండ వెలుతురులో వెలిగినా కనబడకపోవచ్చు, ఎర్త్ ఉందో లేదో అసలు చెప్పదు.

బాగుచేయించడంలో దొంగ ఎర్త్ లూపులను, ఆర్.సి.సి.బి. లేకపోవడాన్ని ఇంట్లో దిగక ముందే సరిచేయించాలి. తీగ మందానికి మించిన ఎం.సి.బి.లను అదే రోజు మార్పించవచ్చు, అది పెద్ద పని కాదు. ఫాల్స్ సీలింగ్ పైనా గోడల్లోనూ ఉన్న జాయింట్లకు సమయం పడుతుంది, అంతవరకు ఆ లైన్ల మీద పెద్ద లోడు వేయకండి. వంకర పలకలు, కలగలిసిన స్విచ్‌లు చివరికి ఉండనివ్వండి.

యజమానిని అన్నీ బాగుచేసి ఇమ్మని అడగడం నాకు అంతగా నచ్చదు. ఆయన మళ్లీ తానే చేస్తారు. దానికన్నా, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించుకోవడానికి అనుమతి అడిగి, మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించుకోవడం మేలు. పరీక్ష అంటే చూసి బాగుందని చెప్పడం కాదు, ప్రతి లైనుకూ అంకెలు రాసివ్వాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిచిన ఇన్సులేషన్ నిరోధం ఎంత మెగా ఓమ్‌లు, అది ఒకటికి తగ్గకూడదు, ప్రతి సాకెట్ దగ్గరా ఎర్త్ నిరోధం ఎంత, ఆర్.సి.సి.బి. ఎన్ని మిల్లీ సెకన్లలో పడింది. ఏ లైనుకు ఎంత మందం తీగ, దానికి ఎన్ని ఆంపియర్ల ఎం.సి.బి. అన్నది కూడా రాయాలి. ఆ కాగితం నకలు ఒకటి డిస్ట్రిబ్యూషన్ బోర్డు తలుపు లోపలి వైపు అతికించండి. రేపు మీ ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్ మొట్టమొదట తెరిచేది ఆ తలుపే.